పినాకినికి నోటిమాట కౌలు

2017 జూన్‌లో నన్ను నెల్లూరు జిల్లాలోని పాత కంప్యూటర్ల కండెమ్నేషన్ కమిటీలో సాంకేతిక సభ్యుడిగా వేశారు. అప్పుడు నేను సీనియర్ సిస్టమ్స్ అనలిస్టుని. పదవీ విరమణ దగ్గర పడింది. కండెమ్ చేయడమంటే, ఒక వస్తువు ఇక పనికిరాదని కమిటీ రాతపూర్వకంగా తేల్చి వేలానికి పంపడం. అధ్యక్షుడు, లెక్కల విభాగం అధికారి సంతకాలు చేసే ముందు సాంకేతిక సభ్యుడి సంతకం పడాలి.

జువ్వలదిన్నె దగ్గర, పడవలకు ఐసు టోకెన్లు ఇచ్చే చిన్న కార్యాలయంలో ఒక యంత్రం నన్ను ఆపింది. ఉప్పుగాలికి డబ్బా తుప్పు పట్టింది, అయినా నడుస్తోంది. గుమాస్తా ఏదో తప్పు నొక్కగానే తెరమీద తెలుగులో పడింది: "అర్థం కాలా. మళ్ళా చెప్పు." ఆవిడ తల ఎత్తకుండానే, "చెప్తానే ఉండా గదా, నీకేమన్నా చెవుడా?" అని దానికి జవాబిచ్చి మళ్ళీ కొట్టింది.

ఆ మాటలు ఆపరేటింగ్ సిస్టమ్‌వి. యంత్రాన్ని మేల్కొలిపి, మన ఆజ్ఞలను దానికి, దాని జవాబులను మనకు అందించే మూల ప్రోగ్రామును అలా అంటారు. దీని పేరు పినాకిని. తొంభైల మొదట్లో నెల్లూరులో ఒక చిన్న సంస్థ తయారుచేసింది. ఈ సంగతులు నాకు చెప్పింది మస్తాన్. విడిభాగాలు విప్పడానికి పిలిపించిన మెకానిక్కు ఆయనే. ఒకప్పుడు ఆ సంస్థలోనే పనిచేశారు, ఇప్పుడు నెల్లూరులో సొంత షాపు ఉంది. ఆ రోజు స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకుని, "సార్, దీన్ని నేను విప్పలేను. ఈ మాటలు టైపు చేసింది నేనే. చెప్పింది మా పెంచలయ్యగారు" అన్నారు.

పెంచలయ్యగారిది కోవూరు. వరి పండించే కుటుంబం. పినాకినిని మొదటి అక్షరం నుంచి ఆయనే రాశారు, సంస్థకు యజమాని కూడా ఆయన ఒక్కరే. పెద్ద కంపెనీల వ్యవస్థలు వచ్చాక సంస్థ మూసేసి సేద్యానికి వెళ్ళిపోయారు.

అధ్యక్షుడి అనుమతితో యంత్రాన్ని వేలం నుంచి ఆపాం. మస్తాన్ దానితోపాటు ఉన్న పినాకిని ఫ్లాపీల బూజు తుడిచి ఇమేజ్ తీశారు, అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టు దించిన నకలు. రెండుసార్లు తీసి పోల్చాం. తేడా లేదు. పాత యంత్రంలా నటించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, ఎమ్యులేటర్ అంటారు. అందులో పెడితే పినాకిని మస్తాన్ ల్యాప్‌టాప్‌లో లేచి కూర్చుంది.

భద్రపరచడం వరకు ఇబ్బంది లేదు. లైసెన్సు ఉన్న కార్యాలయం తన కోసం నకలు ఉంచుకోవచ్చు. పదిమందికీ పంచడం వేరు. సాఫ్ట్‌వేర్ కొన్నామంటాం గాని నిజానికి కౌలుకు తీసుకుంటాం. కౌలుదారు వరి కయ్యను ఇంకొకరికి ఇవ్వలేడు, యజమాని ఇవ్వాలి. ఒక విశ్వవిద్యాలయంలోని పాత సాఫ్ట్‌వేర్ భాండాగారం పినాకినిని ఉచితంగా అందరికీ అందిస్తామంది. యజమాని సంతకం కావాలంది. మస్తాన్‌కు కావలసింది కూడా అదే. తన చేతిమీదుగా అయిన పని తన షాపులోని ఒక పెట్టెలో చచ్చిపోకూడదు.

ఇద్దరం కోవూరు వెళ్ళాం. పెంచలయ్యగారికి చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కావాలనే ఏదో తప్పు కొట్టారు. "అర్థం కాలా" అని పడగానే పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒరే మస్తానూ, ఇది ఇంకా నా మాటే మాట్లాడతా ఉందే!"

"మీ మాటేనయ్యా, అందుకే ఎవురూ కొనలా" అన్నారు మస్తాన్.

అందరికీ పంచుకోవచ్చా అని నేను అడిగాను. "అడిగేదేంది? కావలసినోళ్ళకి కావలసినంత ఇచ్చుకోండి" అన్నారు. నేను సంతకం కాగితం తీశాను. భాండాగారం వాళ్ళ ఇంగ్లీషు నమూనాను నెల్లూరులో ఒక ప్లీడరు తెలుగులోకి మార్చారు. భూమి దస్తావేజులు రాసే చేతితోనే అదీ రాశారు. పెంచలయ్యగారు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మూడో వాక్యం దగ్గర ఆగారు. 'సర్వహక్కులు దఖలు పరచడమైనది.' అంటే హక్కులన్నీ రాసిచ్చేసినట్టే. కాగితాన్ని వేలితో నా వైపు నెట్టేశారు.

"నోటితో ఇచ్చినాను గదయ్యా. మళ్ళా దఖలు దేనికి?"

ఆ ప్రాంతంలో కౌలు నోటిమాటతోనే నడుస్తుంది. కాగితం రాస్తే కౌలుదారు రేపు కయ్య తనదంటాడని యజమానుల భయం. పెంచలయ్యగారి చిన్నాన్న ఒకసారి రాసిచ్చి కోర్టుల చుట్టూ తిరిగారట. హక్కు మీ దగ్గరే ఉంటుందని నేను ఎంత చెప్పినా, ఆ మాట కాగితంలో లేదు. మన చట్టంలో ఇలాంటి అనుమతి రాతలో ఉంటేనే చెల్లుతుంది. ఆ సంగతీ చెప్పాను. "అట్టయితే చట్టాన్నే వచ్చి అడగమను" అన్నారు. మజ్జిగ ఇచ్చి పంపారు.

'దఖలు' తీసేసి 'అనుమతి' అని పెట్టమని భాండాగారానికి రాశాను. హక్కులు రచయితవేనని ఒక వాక్యం చేర్చమన్నాను. కాగితం వాళ్ళ న్యాయ విభాగానికి, అక్కడి నుంచి వాళ్ళ కమిటీకి, మళ్ళీ న్యాయ విభాగానికి వెళ్ళింది. నేను గుర్తు చేస్తూనే ఉన్నాను, ఈలోగా రిటైరయ్యాను. ఒక్క పేజీగా, తేటగా కొత్త కాగితం వచ్చేనాటికి కోవూరులో కోతలు మొదలయ్యాయి. పెంచలయ్యగారు అంతకు ముందే పోయారు.

ఆయనకు పిల్లలు లేరు. ఆస్తి అన్న కొడుకులిద్దరికీ వచ్చింది, దానితోపాటు పంపకాల వ్యాజ్యం వచ్చింది. కొత్త కాగితం తీసుకుని వాళ్ళ దగ్గరకు నాలుగైదుసార్లు తిరిగాను. పెద్దాయన మర్యాదగానే విన్నారు. చిన్నాయన నా ఎదుటే అన్నతో అన్నారు: "ఏమీ లేకుండానే గవర్నమెంటాయన ఇన్ని తడవలు వస్తాడాన్నా? అందులో ఏదో ఉంది." పినాకినిని కూడా వ్యాజ్యంలో ఉమ్మడి ఆస్తిగా చేర్చారు. అది తేలేదాకా ఎవరూ దేనిమీదా సంతకం చేయకూడదని వాళ్ళ వకీలు చెప్పారు. వ్యాజ్యం ఇంకా నడుస్తోంది. వారసులు ఇవ్వకపోతే, చట్టప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళకు గాని అది అందరిదీ కాదు.

మస్తాన్ ఒకరోజు మా ఇంటికి వచ్చి, ఇంటర్నెట్‌లో పెట్టేస్తానన్నారు. "ఆయన ఇచ్చినాడు సార్. మీరూ విన్నారు. పోయినాయన మాట తప్పమంటారా, చట్టం తప్పమంటారా?" విన్నమాట నిజమే, కానీ రుజువు చేయలేమన్నాను. పెడితే వ్యాజ్యంలో మస్తాన్ పేరూ చేరుతుందని చెప్పాను. మస్తాన్ పెట్టలేదు. ఏటా వానలకు ముందు ఇమేజ్‌ను కొత్త డిస్కులోకి మారుస్తారు, అది లేస్తోందో లేదో చూస్తారు. పిల్లలెవరైనా అడిగితే షాపులో నడిపి చూపిస్తారు, నకలు ఇవ్వరు.

భాండాగారం వాళ్ళు అప్పుడప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పమని నన్ను పిలుస్తారు. ఇమేజ్ తీయడం ఎవరైనా నేర్పుతారు కాబట్టి నేను అనుమతి గురించే చెబుతాను. యంత్రం విప్పకముందే అడగండి, ఇచ్చే మనిషి రోజూ వాడే మాటల్లో అడగండి, ఏది ఆయన దగ్గరే ఉంటుందో మొదటి వాక్యంలో రాయండి. యంత్రానికి అర్థం కాకపోతే మళ్ళా చెప్పమంటుంది. మనిషి అలా అనడు, కాగితం పక్కకు నెట్టేస్తాడు.