అడుగున కదలని పొర

మొన్న మంగళవారం పొద్దున భివండిలోని కనేరి నుంచి అత్త ఫోన్ చేసి, "మామ పోయిండు బిడ్డా" అంది. చాయ్ తాగి కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట.

ఆయన మా అమ్మకు అన్న. కరీంనగర్ వైపు పల్లె నుంచి భివండికి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఒక సైజింగ్ కార్ఖానాలో, మగ్గం ఎక్కబోయే దారానికి పట్టించే గంజి కాచాడు. పని నుంచి వచ్చి మోచేతుల దాకా కడుక్కుంటే గానీ మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. ఇంట్లో ఎవరు కోపంతో ఊగినా ఒకటే మాట: "అడుగు తెల్వకుంట మంట పెంచొద్దు."

ఇంజనీరింగ్ చివరి ఏడాది నేనొక నీళ్ల తొట్టి కట్టాను. అడుగు రేకును వేడి చేసి, పై రేకును చల్లగా ఉంచి, వేడి పైకి ఎలా వెళుతుందో కొలవడం నా ప్రాజెక్టు. కింది నుంచి పైకి కొద్దికొద్దిగా తగ్గుతుందనుకున్నాను. నీళ్లు సుడులు తిరుగుతున్నాయి గానీ ఎక్కడ కొలిచినా ఒకటే వేడి. సెన్సర్లు మార్చినా అంతే. ఇక వారమే గడువు. మామ ఇంటికి వెళ్లి ఏడ్చాను.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?"

చెప్పాను. మర్నాడు నన్ను కార్ఖానాకు తీసుకెళ్లాడు. తొట్టిలో గంజి తుకతుక ఉడుకుతోంది.

"నడిమిట్ల జూడు, ఎంత జోర్ల తిరుగుతుందో. ఆడ ఎప్పుడన్న మాడుతదా? మాడదు. అడుగున రేకును అంటుకొని పల్చటి పొర ఉంటది, గది కదలదు. వేడంత గా పొర దాటే పైకి రావాలె. నీ మిషన్ ఖరాబ్ కాలే. నువ్వు నడుమ దేవులాడుతున్నవ్."

ఈ సంగతి పుస్తకంలో ఉంది. చదివాను కూడా. నమ్మింది మాత్రం ఆ గంజి తొట్టి ముందే.

సన్నటి సెన్సర్‌ను అడుగు రేకుకు ఆనించి, వెంట్రుక మందం చొప్పున పైకి జరుపుతూ కొలిచాను. ఆ కాస్త దూరంలోనే వేడి దబదబా పడిపోయింది. పై రేకు కిందా అంతే. మంట పెంచితే ఆ పొరలు ఇంకా పల్చబడ్డాయి. ప్రాజెక్టు నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఇవాళ నా ఉద్యోగమే ఆ పొరలను కొలవడం. పాఠం చెప్పేటప్పుడు ముందు మామ మాటే చెబుతాను.

పోయిన నెల చూడటానికి వెళితే, వద్దన్నా వినకుండా ఆటోలో భివండి రోడ్ స్టేషన్ దాకా వచ్చాడు. రైలు కోసం చాలాసేపు కూర్చున్నాం.

"అసలు ఆ పొర ఎంత మందముంటది బిడ్డా?"

"నీ గోరంత కూడా ఉండదు మామా."

"గంతేనా! గంతదాంట్లనే గంత వేడి తగ్గుతదా?"

రైలు కదిలింది. కిటికీలోంచి వెనక్కి చూశాను. ప్లాట్‌ఫారం మీద మామ బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పట్టుకొని, ఒక కన్ను మూసి, ఆ సందులోంచి ఎండ వస్తుందో లేదో చూస్తున్నాడు.