డాక్టరమ్మ పడుకుని చూసిన బండి

1961లో నన్ను అనంతపురంలోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు అసిస్టెంటు ఇంజనీరుగా వేశారు. ఆ వేసవిలోనే కదిరి నుంచి లేడీ డాక్టరు సుగుణమ్మగారు తమ వైద్య వ్యానుతో సహా వచ్చి దిగారు. వ్యాను అంటే లారీ చాసిస్ మీద కట్టిన డబ్బా. లోపల మందుల బీరువా, ఒక స్ట్రెచరు. కదిరి అవతల తనకల్లు దాటితే రోడ్డన్నది లేదు, బండలు తేలిన వాగులూ వంకలే. అంతకు కొద్ది రోజుల ముందు ఒక బండ తగిలి, ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు పగిలింది. లోపలున్న నిండు గర్భిణిని ఎద్దులబండిలోకి మార్చి తెచ్చేసరికి బిడ్డ దక్కలేదు. బండిని ఎత్తు చేసి ఇవ్వాలని ఆమె పట్టు.

నాకు ఇష్టం లేదు. ఎత్తు పెరిగేకొద్దీ వాలులో బండి పక్కకు పడే భయం ఎక్కువ. ఆ మాటే చెప్పాను. పడే బండి సంగతి సరే, ఆగిపోయే బండి సంగతేమిటని ఆమె అడిగారు. పనికి ఒప్పుకున్నాను.

"కమాన్ కట్టల్లో ఇంకో రెండు పట్టీలు వేయించండి సార్, యాడికైనా పోతాది," అన్నాడు ఆ వ్యాను డ్రైవరు ఖాదర్. కమాన్ కట్ట అంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల దొంతర. పట్టీలు పెంచితే బండి లేస్తుంది. అందరూ చేసేదే, నేనూ చేయించాను.

పరీక్షకు ఊరి బయట వంకకు వెళ్ళాం. డాక్టరుగారు ముందు సీటు వైపు చూడనైనా లేదు. వెనక స్ట్రెచరు మీద పడుకుని, బెల్టు బిగించుకుని, పోనివ్వమన్నారు. ఒక ఆఫీసరు అట్లా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క బండా తగలకుండా అవతలికి చేరాం. నేను మురిసిపోతూ ఉండగానే ఆమె నడుము పట్టుకుని దిగారు.

"బండి దాటింది సార్. లోపల పండుకున్నామె గూడా దాటాల కదా," అన్నారు.

నిజమే. పట్టీలు పెరిగితే కట్ట బిర్రబిగుస్తుంది, ప్రతి గుంతా మనిషి వెన్నుకే తగులుతుంది. అదనపు పట్టీలు తీయించి, కట్టకూ ఇరుసుకూ మధ్య రెండంగుళాల ఇనుప దిమ్మెలు పెట్టించి, పొడుగు యూ-బోల్టులతో బిగించాం. బండి లేచింది, కట్ట మెత్తదనం చెడలేదు. ఇంకా లేపితే వాలులో నిలవదు కాబట్టి, చాంబరు కింద మందపాటి ఇనుప రేకు కట్టాం. బ్రేకు గొట్టాలు పొడుగువి వేశాం. ఆమె మళ్ళీ పడుకుని చూసి, అదే బండిలో కదిరికి బయలుదేరారు.

వానలకు ముందే తనకల్లు అవతలి పల్లె నుంచి, బిడ్డ అడ్డం తిరిగిన ఒకామెను ఆ వంకల మీదుగానే ఆసుపత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా బతికారని ఖాదర్ వచ్చి చెప్పాడు. సుగుణమ్మగారంటే నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

బండి నేల నుంచి ఎంత లేచిందో కొలవడం నాకు ముందే వచ్చు. అందులో పోయే మనిషి ఎట్లా ఉంటుందో ఆ మనిషి చోట ఉండి చూడాలని ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా, స్ట్రెచరు మీద పడుకుని వంక దాటకుండా ఏ వైద్య వ్యానుకూ నేను సంతకం పెట్టలేదు.