మా మామగారి అంబు

నిన్న సాయంత్రం మా మనవరాలు విలువిద్య క్లాసు నుంచి కుడి భుజం పట్టుకుని వచ్చింది. స్ప్రే కొట్టుకుంది, ఐస్ పెట్టుకుంది, అయినా మూలుగుతూనే ఉంది. "వావిలాకు వేడిచేసి కట్టేదా?" అంటే, "వద్దవ్వా, కంపు!" అని ముక్కు మూసుకుంది. కంపే, కాదనను. మడకశిర పక్క పల్లెలో మా అత్తవారింట నా కొత్త కాపురమంతా ఆ కంపులోనే గడిచింది.

అరవైల నాటి మాట. దసరానాడు ఊరి బయట అరటిబోదె నాటి, దేవుడి పల్లకి ముందర మా ఇంటి పెద్ద దానిమీదికి బాణం వేయాలి. కన్నడం కలిసిన ఊరు కాబట్టి బాణాన్ని అంబు అనేవారు. అంబు తగిలితే పంట చివర పడాల్సిన హింగారి వాన తప్పక పడుతుందని నమ్మకం. నేను కాపురానికి వచ్చే ముందటి ఏడు మా మామగారి అంబు బోదె పక్కనుంచి పోయిందట. వానా పడలేదు. ఎదురుగా ఎవరూ నిష్ఠూరమాడలేదు గానీ, ఆయన రచ్చకట్ట దగ్గరికి వస్తే చాలు, మాటలు ఆగిపోయేవి. అది తిట్టుకంటే ఘోరం.

అందుకని వినాయకచవితి దాటగానే ఆయన పెరట్లో గడ్డివామికి ఎదురుగా నిలబడి సాధన మొదలుపెట్టారు. అరవై దాటిన మనిషి, మోటు వెదురు విల్లు. ఆ వామి కూడా కరువుదే, నడుమెత్తు లేదు. సగం బాణాలు దాన్ని దాటి పక్కింటి గొర్రెల దొడ్లో పడేవి, నేను పోయి ఏరుకొచ్చేదాన్ని. గొర్రెలకేమీ కాలేదు, దేవుడి దయ. కొన్నాళ్లకు ఆయన చేయి పైకి లేవడమే మానేసింది. తలగుడ్డ కూడా మా అత్తే చుట్టేది. నేను పొయ్యిమీద వావిలాకు వేడిచేసి ఇస్తే, ఆమె భుజానికి కట్టు కడుతూ తిట్టేది.

"ఆ విల్లు నీ తమ్మునికి ఇయ్యరాదా? చెయ్యి పడిపోతే సంగటి ఎవరు తినిపిస్తారు?"

"తప్పింది నా చేతిలో గదమే. వాడు ఏసి తగిలిస్తే నా తప్పు యాడికి పోతాది?"

అత్త ఈసారి కట్టు మెల్లగా ముడివేసింది.

దసరానాడు గుంపులోంచి ఎవరో అననే అన్నాడు: "అన్నా, ఈసారన్నా సూసి ఏయన్నా, శెనిక్కాయ చేన్లు ఎండిపోతాండాయి." మామగారు పళ్లు బిగించి విల్లెత్తారు. ఆడవాళ్ల వెనక నిలబడ్డ నేను మునివేళ్ల మీద లేచి చూశాను. అమ్మా, నా ప్రాణం నాలో లేదు! అంబు బోదెలో దిగబడింది. ఊరంతా కేకలు పెట్టింది. ఆయన చేతిలోంచి విల్లు జారిపోతే, వంగి తీసుకోలేకపోయారు.

అయినా వాన రాలేదు. మబ్బులు రోజూ వచ్చేవి, కన్నడ సీమవైపు వెళ్లిపోయేవి. శెనిక్కాయ చేనులోనే మాడింది, ఉలవలు చల్లడానికి కూడా నేలలో పదును లేదు. ఊరు దిగాలుగా ఉన్న ఒక మధ్యాహ్నం, అరుగు మీద కట్టు కట్టించుకుంటూ మామగారు ఉన్నట్టుండి నవ్వారు.

"ఊరు ఏడుస్తాంటే నవ్వుతావేమయ్యా?" అంది అత్త.

"అంబు తగిలినా రాలేదు సూడే. అట్లయితే పోయినేడు వాన తప్పింది కూడా నా వల్ల కాదు."

నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోయారు. చేయి లేవలేదు, మా అత్తే కొంగుతో తుడిచింది. ఆ ఏడు మా ఇంట్లో గింజ లేదు, ఆయన మాత్రం కంటినిండా నిద్రపోయారు. కాలం ఆయన మీది నిందను తుడిచింది, నిజమే. ఆ మాత్రం పనికి దానికి ఇంకో కరువు కావలసి వచ్చింది.