కోచ్ రణధీర్ ఎడమ మోకాలు

"ప్రభువా, మా సహోదరుడు రణధీర్ ఎడమ మోకాలిని నీ చేతితో ముట్టుము" అని పాస్టరుగారు ప్రార్థించారు. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలోని మా ఇంటి ముందుగది నిండా కూర్చున్నవాళ్లు ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు. అందరూ కళ్లు మూసుకుని ఉంటే నేనొక్కదాన్నే గుడ్లు తేలేశాను. ఎందుకంటే రణధీర్ ఎవరికీ సహోదరుడు కాడు. ఆయన టీవీ సీరియల్లో బాస్కెట్‌బాల్ కోచ్.

ఇంత ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నేను డిగ్రీ చదివాను. నవ్వేటప్పుడు దాన్ని కూడా కలుపుకుని నవ్వండి.

మా జోయెల్ బడిలో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు వాడి కాళ్ల మీదే బెంగ. సరిగ్గా అప్పుడే ఆ హిందీ సీరియల్ వచ్చింది. అందులో కోచ్ ఒకప్పుడు జీతం తీసుకుని పెద్ద క్లబ్బుకు ఆడినవాడట. ఎక్కడ ఆడాడో, ఎందుకు మానేశాడో ముక్కలుగా చెప్పేవారు. ఆ ముక్కల్లో సగం మా పోర్ట్ బ్లెయిర్ వానా, కరెంటు కోతా మింగేసేవి. గోడమీద అద్దం కట్టించిన ఏడో నంబరు బనియను ఒకరోజు కనిపించింది. మెట్లెక్కుతూ ఎడమకాలు ఈడ్చాడు ఇంకోరోజు. "ఆ ఫైనల్ తర్వాత నువ్వు..." అని పాత స్నేహితుడు నోరు తెరవగానే కరెంటు పోయింది. బొంబాయి క్లబ్బు, ఆఖరి నిమిషంలో ఎగరడం, పడడం, మోకాలు చిట్లడం, అన్నీ నేనే అతికించాను, గుడ్డముక్కలతో బొంత కుట్టినట్టు.

"జీతమిచ్చినా పోలీసులు ఇంత కూపీ లాగరు" అన్నారు ఓడలో పనిచేసే మా ఆయన.

ఆ సాయంత్రం ప్రార్థన కూడికలో పాస్టరమ్మగారు అందరినీ ప్రార్థన అంశాలు అడిగారు. నా వంతు వచ్చేసరికి బుర్రలో ఆ మోకాలు తప్ప ఇంకేమీ లేదు.

"రణధీర్ గారని, బాస్కెట్‌బాల్ కోచ్. ఎడమ మోకాలు పోయింది. మళ్లీ ఆడాలని చూస్తున్నారు" అనేశాను.

ఆ తర్వాత జరిగింది మీరు మొదట్లోనే విన్నారు. ఆమేన్ అయ్యాకైనా నిజం చెప్పాల్సింది. చెప్పేలోపే మార్తమ్మ అత్తయ్య నన్ను పట్టుకుంది. సంఘంలో అందరికంటే పెద్దావిడ, షుగరు మనిషి, మోకాళ్ల నొప్పితో ఏదైనా పట్టుకుంటే గాని లేవదు.

"ఏ టీమమ్మా ఆ బాబుది?"

"బొంబాయి, అత్తయ్యా."

"పెళ్లయిందా?"

"అయింది. మోకాలి సంగతి ఆవిడకి తెలీదు."

"బేచారా. పెళ్లాం దగ్గర దాస్తే ఎలాగ? శుక్రవారం ఆడికోసం ఉపవాసం ఉంటాను."

లేని మోకాలి కోసం ఈ ముసలావిడ పస్తుండి కళ్లు తిరిగి పడిపోతే నేనేం కావాలి? గురువారం ఆవిడ ఇంటికి పరుగెత్తాను.

"వద్దు అత్తయ్యా, ఆయనకి తగ్గిపోయింది."

"అచ్ఛా. అయితే కృతజ్ఞతగా ఉంటాను."

"అంటే, పూర్తిగా తగ్గలేదు."

"మరింకేం, తప్పకుండా ఉండాలి."

శుక్రవారం మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, చేపల పులుసు పెట్టుకుని, పిల్లలిద్దర్నీ వెంటేసుకుని వెళ్లాను. వాళ్ల ముందే అంతా చెప్పేశాను.

"ఆ బాబు లేడా?"

"లేడు. టీవీలో బొమ్మ."

"మోకాలు?"

"అదీ లేదు అత్తయ్యా."

ఆవిడ ఏదీ పట్టుకోకుండా పీటమీంచి లేచింది.

"అదీ సంగతి. పొద్దున్నుంచి నా మోకాలు తేలిగ్గా ఉందే అనుకుంటన్నాను. ఆడికి ఇల్లూ వాకిలీ లేదు కదా, వచ్చిన స్వస్థత నా దగ్గర దిగిపోయింది. ఆ క్యారేజీ ఇలా తే, ఆకలేస్తంది."

మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, కుడిచెయ్యి పైకెత్తి, ఇకమీదట టీవీలో మనుషుల కోసం దేవుణ్ని ఇబ్బంది పెట్టనని గంభీరంగా ప్రమాణం చేశాను.

"మరి మమ్మీ, నిన్న సీరియల్లో కోచ్ భార్యకి పురుటినొప్పులొచ్చాయి. అప్పుడే కరెంటు పోయింది కదా" అన్నాడు జోయెల్.

"ఆవిడ కోసం మనమే మెల్లగా చేసుకుందాం" అన్నాను. "మార్తమ్మ మామ్మకి మాత్రం చెప్పకండి. ఈసారి కూడా ఆవిడ దగ్గరే దిగితే కష్టం."