ఉస్తానీమా ఇచ్చిన పూచీ

మా మనవరాలు ఈ మధ్య జర్మన్ భాష నేర్చుకుంటోంది. సాయంత్రమైతే నేరేడ్‌మెట్‌లోని మా ఇంటి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, బల్ల మగదట, దీపం ఆడదట, చిన్నపిల్ల మాత్రం ఆడా కాదట మగా కాదట, ఇదెక్కడి భాష నానమ్మా అని విసుక్కుంటుంది. దాని విసుగు వింటూంటే నాకు నవ్వు వస్తుంది, ఆ వెనకే పాత భయమొకటి గుర్తుకొస్తుంది. ఎందుకంటే ఒకనాడు అలాంటి ఆడా మగా తేడా దగ్గరే నా నాలుక తడబడింది, అదీ మా బావగారి ప్రాణాలు గాలిలో దీపంలా ఉన్న వేళ.

పోలీసు యాక్షన్‌కు ముందు సికింద్రాబాదు మాకు పరదేశమే అంటే ఈనాటి పిల్లలు నమ్మరు. బెజవాడలో రైలెక్కితే దారిలో సరిహద్దు వచ్చేది. కరోడ్‌గిరీ అనే సుంకపు శాఖవాళ్ళు పెట్టెలు విప్పించి చీరల మడతలు కూడా వెతికేవారు. అక్కడి నుంచి నాణెం వేరు, కోర్టు భాష వేరు, బడి భాష వేరు. బావగారు నిజాం రైల్వేలో గుమాస్తా. అక్కకు తొలిచూలు కావడంతో సాయంగా నన్ను పంపించారు మావాళ్ళు. ఈ రాజ్యంలో ఉర్దూ రాకపోతే మూగవాళ్ళతో సమానం, టీచరు పని దొరకాలన్నా అదే దిక్కు అని బావగారు నన్ను బన్సీలాల్‌పేటలో మా వెనక వీధిలోనే ఉండే ఉస్తానీమా దగ్గర చదువుకు కుదిర్చారు.

ఉస్తానీ అంటే పంతులమ్మ. ఆవిడ వితంతువు, కుట్టుపని చేసే తమ్ముడితో రెండు గదుల ఇంట్లో ఉండేది. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, మన కన్నా చక్కని తెలుగు, కానీ చదువంతా ఉర్దూలో సాగడం వల్ల తెలుగు అక్షరం ఒక్కటీ ఎరగదు. చాప మీద కూర్చోబెట్టి, కితాబు ఆడది, కలం మగది అని వల్లె వేయించేది. నేను మాత్రం ఎప్పుడూ ఒకదాని బదులు ఇంకొకటి అనేదాన్ని. అప్పుడప్పుడు ఆవిడ మా ఇంటికి వచ్చినా వరండా దాటేది కాదు. మా అక్కకు మడి పట్టింపు ఎక్కువ. ఆవిడకు మంచినీళ్ళిచ్చే గ్లాసు కూడా విడిగా గూట్లో ఉండేది.

ఆ వేసవి దాటేసరికి ఊరి గాలి మారింది. వీధుల్లో రజాకార్ల కవాతులు, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో తెలియని రోజులు, ఉప్పుకు కూడా కటకట. ఇండియన్ యూనియన్ వైపు నుంచి వచ్చినవాళ్ళంటే అందరికీ అనుమానమే. ఒక మధ్యాహ్నం బావగారితో పనిచేసే ప్యూను పరుగున వచ్చి, రైళ్ళ కబుర్లు సరిహద్దు దాటిస్తున్నాడని ఎవరో చెప్పారట, బావగారిని ఠాణాకు తీసుకుపోయారు అని చెప్పి, నిలబడకుండా వెళ్ళిపోయాడు. నిండు చూలాలైన అక్క గోడ పట్టుకుని కూలబడిపోయింది. ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. వాళ్ళనీ తప్పు పట్టను. ఠాణాకు వెళ్ళినవాళ్ళందరూ తిరిగివచ్చే రోజులు కావవి.

నాకు తోచిన గడప ఒక్కటే. ఉస్తానీమా నా మాట పూర్తిగా వినకుండానే బుర్ఖా తొడుక్కుంది. తమ్ముడు అడ్డంపడి, అక్కా, బస్తీల మన మీద కన్ను పడ్తది అన్నాడు. పడనీ అంది ఆవిడ. దారిలో నా చేయి వదలకుండా చెప్పింది:

"ఇంటి మనిషివి నువ్వే ఉన్నవ్ బిడ్డా, నువ్వే మాట్లాడాలె. జెర ధైర్యం చెయ్యి. తప్పు బోయినా సరే, ఆగకు."

అమీను, అంటే ఆ ఠాణా అధికారి, నడివయసు మనిషి. బల్ల చుట్టూ తుపాకులతో నిలబడ్డవాళ్ళు నా బొట్టు కేసి చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. లోపలెక్కడో బావగారి దగ్గు వినిపించింది. నేర్చుకున్నదంతా మాయమైపోయి, చివరికి నా గొంతులోంచి వచ్చింది ఇది: "మేరా బహన్ అకేలా హై." నా అక్క ఒంటరిగా ఉంది అనబోయి, అక్కను కాస్తా మగవాణ్ణి చేశాను. ఎవడో కిసుక్కున నవ్వాడు. అమీను నవ్వలేదు. మెల్లగా, బడిలో పిల్లకు చెప్పినట్టు, "మేరీ బహన్ అకేలీ హై" అని సరిదిద్ది, ఎవరు నేర్పుతున్నారని అడిగాడు.

వెనక నుంచి ఉస్తానీమా ముందుకు వచ్చింది. నేనే నేర్పుతున్నానని చెప్పి, ఆ పైన నేను కలలో కూడా అనుకోని మాట అంది: ఈ పిల్ల బావ ఏ తప్పూ చేయలేదు, అతనికి నేను పూచీ, రేపు అతను పారిపోతే నన్నూ నా తమ్ముణ్ణీ పట్టుకోండి. పరాయి మనిషి కోసం నువ్వెందుకు అని అమీను అడిగితే, పరాయివాడైతే నేనెందుకొస్తాను అందావిడ. ఎంతసేపటికో బావగారిని వదిలారు, ఊరు దాటకూడదన్న షరతుతో. ఆయన చెంప వాచి ఉంది.

ఆ మర్నాటి నుంచి ఆ బస్తీలో చాలామంది ఉస్తానీమా దగ్గరకు పిల్లల్ని పంపడం మానేశారు. ఆవిడ ఆ సంగతి మాతో అననే లేదు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ పసిదానికి నెల నిండకుండానే పోలీసు యాక్షన్ వచ్చింది. సైన్యం లారీలు వస్తుంటే మా వీధిలో సగం గుమ్మాల్లో హారతులు, సగం గుమ్మాలకు గడియలు. నేను రెండూ చూశాను. వారం తిరగకుండా ఉస్తానీమా తమ్ముణ్ణి, రజాకారని ఎవరో చెబితే, పట్టుకుపోయారు. సూదీ దారం తప్ప మరొకటి పట్టని మనిషి.

ఆవిడ వచ్చి మా వరండాలో నిలబడింది. బావగారు తల వంచుకుని, రోజులు బాగాలేవు, రేపు చూద్దాం అన్నారు. చెవుల్లో దూది, తలకు గుడ్డతో లోపల పడుకున్న అక్క లేచి వచ్చింది.

"ఆ వేళ ఆవిడ రేపు చూద్దాం అనలేదండీ. మీరు రాకపోతే నేనే వెడతాను."

పసిదాన్ని భుజాన వేసుకుని, పచ్చి బాలింత, ఎండలోకి దిగింది. బావగారు చెప్పులు వేసుకుని వెనకే పరుగెత్తారు. అదే ఠాణా, బల్ల వెనక ఇప్పుడు మద్రాసు వైపు అధికారి, తెలుగువాడు. అక్క ఇంటి మగవాళ్ళ ముందైనా గొంతెత్తి ఎరగదు. అక్కడ మాత్రం, నా పసుపుకుంకాలు ఈ తల్లి నిలబెట్టినవి, ఆ అబ్బాయికి మేము పూచీ అని అందరికీ వినపడేట్టు చెప్పింది. విచారిస్తామన్నారు. ఆ రోజు వదల్లేదు, ఆ వారమూ వదల్లేదు. అక్క మాత్రం వెళ్ళడం మానలేదు. చివరికి అతను వచ్చాడు, చిక్కిపోయి. సూదిలో దారం ఎక్కించాలన్నా ఉస్తానీమానే పిలిచేవాడు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. అతను వచ్చిన రోజున అక్క ఉస్తానీమా చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, పీట వేసి అన్నం పెట్టింది.

దఫ్తర్లలో, అంటే ఆఫీసుల్లో, ఉర్దూ తగ్గింది, బడుల్లో తెలుగు వచ్చింది. నేను పాఠానికి వెళుతూనే ఉంటే ఉస్తానీమా ఒకరోజు, ఇంక ఉర్దూతోని నీకేం పని బిడ్డా అంది. నాకింకా మేరా మేరీ కుదరలేదుగా అన్నాను. చాలా రోజుల తరువాత ఆవిడ నవ్వగా చూశాను. ఆ పైన మొహమాటంగా అడిగింది:

"నాకు సుత తెలుగు రాసుడు నేర్పుతవా?"

అలా అదే చాప మీద నేను పంతులమ్మనయ్యాను. బతుకంతా మాట్లాడిన భాషకు ఆవిడ ఓనమాలు దిద్దింది. మోండా మార్కెట్‌కు నాతో వస్తే, కొత్తగా వెలిసిన తెలుగు బోర్డుల ముందు ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివేది. పోయేవాళ్ళు చూసి నవ్వేవారు. ఆ చదువుతో ఆవిడకు ఉద్యోగమేమీ రాలేదు. తమ్ముడి పక్కన కూర్చుని కాజాలు కుడుతూనే కాలం వెళ్ళదీసింది. నాకు మాత్రం బడిలో పని దొరికింది. నేను సరిహద్దు దాటి ఆ ఊరికి కొత్తగా వచ్చినదాన్ని, మెల్లగా ఊరిదాన్నయ్యాను. ఆవిడ గడప కదలలేదు. ఊరే ఆవిడ కింద నుంచి జరిగిపోయింది.

మా మనవరాలు ఏ దేశం వెళ్ళినా హాయిగా నెగ్గుకొస్తుంది. ఫోనులో అడిగితే ఏ మాటకైనా అర్థం వస్తోంది, తప్పు పోతే దిద్దుతోంది కూడా. నేర్చుకోవడం ఎంత సులువైపోయిందో అని సంతోషిస్తాను. అయినా సాయంత్రం అది పాఠం వల్లె వేస్తూంటే, దాని పక్కన చాప మీద కూర్చుని, తప్పు బోయినా సరే ఆగకు అనే మనిషి ఒకరుంటే బాగుండునని నాకనిపిస్తుంది.