ఉత్త రాళ్ళే

బూరుగుచెల్క మండలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాల్సిన పని బహదూర్‌పురాలో ఎవరికీ లేదు. జూపార్కు వెనక గల్లీలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే రాజన్నకు మాత్రం అది కంఠతా వచ్చు. సర్వే డిపార్టుమెంటులో ముప్పై ఆరేళ్ళు చైన్‌మన్‌గా చేశాడు మరి. పొలం కొలిచే ఇనుప గొలుసు కొస పట్టుకొని ముళ్ళల్లో, బురదలో ముందు నడిచేవాడే చైన్‌మన్. నడిచింది ఇతను, రాసింది సర్వేయర్లు.

ఎవరైనా అడిగితే చాలు, మొదలుపెడతాడు. ఉత్తరాన నక్కలగుట్ట, దాని మీద సగం కూలిన బురుజు. గుట్ట మీది వాననీళ్ళు దిగి పెద్దచెరువులో పడతాయి. చెరువు నిండి అలుగు దుంకితే పాలవాగు. వాగు అవతల మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట ఒక హద్దురాయి. దాని పక్కన కత్తి పట్టిన వీరుడి బొమ్మ చెక్కిన పాతకాలపు రాయి, ఆడవాళ్ళు దానికి పసుపు పూస్తారు. అంతవరకు చెప్పి ఆగిపోతాడు. ఆ బొమ్మరాయికి నలభై గజాల దూరంలో ఏముందో చెప్పడు.

అక్కడ ఉన్నవి సమాధులు. అతని భార్య మాణిక్యమ్మ పుట్టిన గుండ్లచెల్కలో, ఊరి చివరి వాడవాళ్ళవి. ఆమె తల్లి అక్కడే ఉంది.

మాణిక్యమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ ఇక చాలని ఆమే అంది. "నన్ను మా అమ్మ పక్కకు పెట్టుండ్రి. గీ పట్నంల వద్దు." అడిగింది అదొక్కటే. పట్నంలో వాళ్ళ చర్చి సమాధుల తోట ఎప్పుడో నిండిపోయింది. పాత గుంటే తవ్వి, ఉన్నవాళ్ళ మీదనే కొత్తవాళ్ళను పెడుతున్నారు.

రాజన్న బస్సెక్కి గుండ్లచెల్కకు పోయాడు. పోయి చూస్తే చుట్టూ పాతిన రాతి కడీలు, ముళ్ళతీగ, ప్లాట్ల బోర్డు. సగం నేల చదునైపోయింది. సమాధులు మూలన ఇంకా ఉన్నాయి కానీ వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. వాడవాళ్ళు నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయారట. చూపించడానికి ఒక్క కాగితం లేదు.

తెలంగాణ వచ్చాక మండలాలను విడగొట్టినప్పుడు ఆ ఊరు కొత్తగా ఏర్పడిన బూరుగుచెల్క మండలంలో పడింది. రాజన్న ఆ మండలాఫీసుకు పోయాడు. ఆఫీసు గోడ మీద మండలం విశేషాలు పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు: బురుజు, చెరువు, బొమ్మరాయి. సర్వేయరు స్రవ్య మర్యాదగా కూర్చోబెట్టి పాత పటం తీసింది.

"అంకుల్, బొమ్మరాయి ఉంది. మీరు చెప్పే చోట రాళ్ళు అని రాసి ఉంది, అంతే. గదే కాగితం మీద జాగా చేతులు మారింది."

"గవి సమాధులమ్మా. కొలిచిననాడు గొలుసు పట్టింది నేనే."

"రికార్డులో లేదు కదా అంకుల్. ఇది గీసినాయన 'సమాధులు నేను చూసిన, రాయడం తప్పిపోయింది' అని రాసిస్తే పైకి పంపిస్త. ఎంక్వయిరీ అయ్యేదాక పని ఆగుతది. రామానుజం అని సంతకం ఉంది. ఉన్నారా ఆయన?"

ఉన్నాడు. లాల్‌దర్వాజాలో, మహంకాళి గుడి వెనక గల్లీలో. ఎనభై ఆరేళ్ళు. మరునాడే పొద్దున రాజన్న పటం జిరాక్సు పట్టుకొని వెళ్ళాడు. పెద్దాయన వరండాలో కుర్చీలో ఉన్నాడు.

"గొలుసు రాజన్నా. నీ నడుము ఇంకా వంగలేదేమయ్యా?"

"నడిచినోని నడుము వంగుతదా సార్. కూసొని రాసినోళ్ళదే వంగుతది."

పెద్దాయన నవ్వి, భూతద్దం పెట్టి పటం చూశాడు. చాలాసేపు చూశాడు. "నా రాతే. వానాకాలం. వాగు దాటించడానికి నన్ను భుజాల మీద ఎక్కించుకున్నావు. ఇక్కడ ఆగి, ఈ రాళ్ళేమిటి రాజన్నా అని అడిగాను. నువ్వేమన్నావు?"

రాజన్నకు గుర్తు లేకపోతే కదా. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజులు. ఉద్యోగంలో చేరి ఏడాది. మధ్యాహ్నం అన్నానికని వెంట వచ్చినవాళ్ళు ఊళ్ళోకి పోతే ఇద్దరే మిగిలారు. మోకాలెత్తు గడ్డిలో తలకొక్క రాయి, అంతే, ఈస్టరుకు వేసిన సున్నం వానలకు పోయింది, కర్ర శిలువలను చెదలు తినేశాయి. రాజన్న నిలబడ్డది అత్త తల దగ్గర. మా వాళ్ళ సమాధులని అంటే తన కులమేదో సారుకు తెలుస్తుంది. రోజూ ఎండలో సారుకు చెంబుతో నీళ్ళు పోసేది తనే. పేరును బట్టి ఆయన ఇంకేదో అనుకున్నాడు, రాజన్న అనుకోనిచ్చాడు.

"ఉత్త రాళ్ళే సార్ అన్న," అన్నాడు రాజన్న.

"మరి ఇప్పుడు?"

"గది మా అత్త సమాధి సార్. అన్నీ మా వాళ్ళయే."

పెద్దాయన భూతద్దం పక్కన పెట్టాడు. "చెప్తే రాసేవాణ్ణి కదయ్యా. పెన్సిల్ చేతిలోనే ఉంది."

"చెప్తే నా చేతి నీళ్ళు తాగుదురా సార్?"

గల్లీలో గ్యాస్ సిలిండర్ల బండి గణగణమంటూ పోయింది. ఆయన పటాన్ని రాజన్న వైపు జరిపాడు.

"తాగేవాణ్ణి కాదు," అన్నాడు. "రాసేవాణ్ణి. నీళ్ళు మాత్రం తాగేవాణ్ణి కాదు."

"అయిందేదో అయింది. ఇప్పుడన్న రాసియ్యుండ్రి. సమాధులు చూసిన అని."

"నేను రాళ్ళే చూశాను రాజన్నా. చూడనిది రాయనని నీకు తెలుసు. కావాలంటే నువ్వు చెప్పిన మాట రాసిస్తాను."

కోడలు సూర్యప్రభ కాగితం తెచ్చింది. ఆయన రెండు వరుసలు రాశాడు: ఇవి సమాధులని చైన్‌మన్ రాజన్న ఈ రోజు నాకు తెలిపాడు. రాజన్న ఆ కాగితం ఫొటో స్రవ్యకు పంపి, గుడి దగ్గర బస్టాపులో నిలబడ్డాడు. బస్సు రాకముందే ఫోను వచ్చింది.

"అంకుల్, ఇది పనికి రాదు. ఆయన చూసినట్టు లేదు, మీరు చెప్పినట్టే ఉంది. సోమవారం మిగిలింది కూడా చదును చేస్తరట. సారీ అంకుల్."

ఇంటికి వచ్చేసరికి కొడుకు వెస్లీ జూపార్కు డ్యూటీకి పోయాడు. మాణిక్యమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది.

"ఏమన్నడయ్యా సారు?"

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు మోసిన అబద్ధం చాలనిపించి రాజన్న మొత్తం చెప్పాడు. గొలుసు, గడ్డి, చెంబు, అన్నీ.

"గందుకేనా," అంది చివరికి, "ఈస్టరుకు మా అమ్మ సమాధికి సున్నం ఎయ్యనీకి ప్రతిసారి నన్నొక్కదాన్నే తోలినవ్? డ్యూటీ ఉన్నదంటివి."

"గందుకే."

"మా అమ్మ నీకు కోడికూర ఎన్నిసార్లు వండిపెట్టిందో."

ఆమె నీళ్ళు అడిగింది. డాక్టరు కొలత పెట్టిన నీళ్ళు, గ్లాసులో అడుగున కొంచెం. పట్టుకొని తాగించాడు.

"వెస్లీ వస్తే చర్చికి పంపు. నన్ను ఎవరి మీద పెడతరో పేరు కనుక్కొని రమ్మను."

"పేరెందుకే?"

"ఎవరి మీద పండుతున్ననో తెల్వద్దా? ఉత్త రాళ్ళే అనుకుంట పండుదునా?"

రాజన్న ఖాళీ గ్లాసు పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.