మబ్బులు తోలే గుమ్మటం

నా గుండె మీద ఒక కొండ ఉంది. మాటవరసకు అనడం లేదు, నిజం కొండే. బెళుగుప్పకు కొంత దూరంలో, రోడ్డు మీద నుంచి చూస్తే బోర్లించిన చాటలా కనిపిస్తుంది. అది హిమాలయాలకు మేనబావ అవుతుందని నేను చాలామందికి చెప్పాను. అంత లేదు. కింద ముట్టించిన బీడీ అయిపోయేలోపల పైకి చేరుకోవచ్చు. అయినా ఇన్నేళ్ళు మోశాక తెలిసింది, చిన్న కొండకు కూడా కొండంత బరువుంటుందని.

ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. నేను నోరు తెరవగానే నవ్వడానికి సిద్ధమయ్యే మొహం మీది కాదు. అలాంటి మొహాల మధ్య ఒప్పుకోలు చేయడం కుదరదు. ఒకసారి ప్రయత్నించాను. సగంలోనే చప్పట్లు కొట్టారు.

నాది ఎరువుల అంగడి. వానలు లేని ఏడాది ఎరువుల అంగడికి బేరం ఉండదు. బయట ఒక బెంచీ ఉంటుంది. బెంచీ మీద పని లేని రైతులుంటారు. వాళ్ళకు నేనుంటాను. మా ఊరి దోమ కోడిపుంజును ఎత్తుకుపోయిందని నేనంటే పుంజు రంగేమిటని అడిగేవాళ్ళే గానీ, ఛీ అన్నవాడు లేడు. దుఃఖంలో ఉన్న మనుషులను నవ్వించడం పుణ్యమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు ఆ సంగతి ఆలోచించే ఓపిక లేదు.

ఆ కొండ మీద నక్షత్రాలు చూసేవాళ్ళు ఒక గుమ్మటం కట్టారు. లోపల పెద్ద దుర్భిణి. మా ప్రాంతాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, మా నెత్తిన మబ్బు తక్కువ. మేము దేనికి ఏడుస్తామో దాన్నే వెతుక్కుంటూ వాళ్ళు అంత దూరం నుంచి వచ్చారు. అక్కడ ఒక సారు ఉండేవాడు. సన్నటి మనిషి. ఎవరికో క్షమాపణ చెప్పుకోవడానికి పోతున్నట్టు నడిచేవాడు. సరుకులకు దిగినప్పుడు నా అంగట్లో కూర్చుని మంచినీళ్ళు తాగి పోయేవాడు. అతనితో నాకు ఏ తగవూ లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

ఆ ఏడు మృగశిర కార్తె ఎండగానే పోయింది. ఆరుద్ర సగమైంది. విత్తనానికి ఒలిచిన శెనక్కాయలు మూటల్లో ఉన్నాయి. ఒలిచిన విత్తనం ఎక్కువ కాలం ఆగదు. పుచ్చిపోతుంది, లేదంటే పిల్లలు వేయించుకుని తింటారు. ఆషాఢం గాలి ఒకటి, చెవుల్లో దుమ్ము కొడుతూ. పడమటి నుంచి మబ్బులు వచ్చేవి. మా చేల మీద నీడ పరిచేవి. ఆశ పుట్టేంతసేపు నిలిచి, పోయేవి. చుట్టూ కొండల మీద పెట్టిన గాలిమరలే మబ్బులను తోలేస్తున్నాయని కొందరు అప్పటికే అంటున్నారు. నేను వాళ్ళకు ఇంకా పెద్ద దోషిని చూపించాను.

ఆ గుమ్మటంలో ఉండేది దుర్భిణి కాదన్నాను. బాకా. ఎద్దు దూరేంత నోరు దానికి. చుక్కలకు మబ్బు అడ్డం వస్తే సారు మీట నొక్కుతాడు, బాకా ఊదుతుంది, మబ్బు ఎగిరిపోయి పామిడి దగ్గర పెన్నలో పడుతుంది. పామిడివాళ్ళు కృతజ్ఞతతో సారుకు సన్నబియ్యం బస్తాలు పంపుతున్నారని కూడా కలిపాను. గుమ్మటం తెరిచిన పొద్దు ఎవరైనా మబ్బు చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. ఎలా చూస్తారు? మబ్బు లేనప్పుడే వాళ్ళు దాన్ని తెరుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. సారే మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

బెంచీ విరగబడి నవ్వింది.

ఆ వారంలోనే పామిడిలో వాన పడింది. బస్సు దిగినవాడెవడో చెప్పాడు, తడిసిన చొక్కా చూపించి మరీ. నేను నవ్వుల కోసం చూశాను. ఎవరూ నవ్వలేదు. అందరూ నావైపు చూశారు, తరువాత కొండవైపు చూశారు. ఇక్కడ ఆగాలి. మీకు చెప్పాలనుకున్నది మొదలయ్యేది ఇక్కడే. వాళ్ళు నవ్వడం మానేసిన క్షణాన్ని నేను గమనించాను. అప్పుడు ఒక్క మాట, ఊరికే అన్నానప్పా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? జన్మలో మొదటిసారి జనం నన్ను నమ్మారు. నవ్వించేవాణ్ణి అందరూ పిలుస్తారు, ఎవరూ నమ్మరు. ఆ నమ్మకం ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇంకొక్క పూట ఉంచుకుందాం అనుకున్నాను.

మా చేని పక్క చేను ఒకామెది. పేరు రాయను. మొగుడు బెంగుళూరులో మట్టి పనికి పోయాడు. ఆమె బెంచీ మీద కూర్చోదు, మా దగ్గర ఆడవాళ్ళు కూర్చోరు. వాకిట్లో నిలబడి విన్నది. ఆ బాకా నోరు ఎంత ఉంటుందని మళ్ళీ అడిగింది. నేను ఇంకా పెద్దది చేసి చెప్పాను.

ఒక మధ్యాహ్నం కొండకు నిప్పంటుకుంది.

మంటలు తాటిచెట్టంత లేచాయని చాలాచోట్ల చెప్పాను. నడుమెత్తు లేచాయి. పోయిన ఏటి బోదగడ్డి నిలువునా ఎండి ఉంది, దానికి ఆషాఢం గాలి తోడైంది. మంట పైకి, గుమ్మటం వైపే పోతోంది. నీళ్ళ ట్యాంకరు రాళ్ళబాటలో ఆగిపోయింది. సారు గుమ్మటం తలుపులు మూసి, తాగే నీళ్ళల్లో గోనెపట్టలు తడిపి సందుల్లో కుక్కుతున్నాడట. కిందికి దిగే బాట పొగలో మునిగిపోయింది. దిగడానికి దారి లేదు.

అందరికన్నా ముందు పోయినవాడు ఎర్రిస్వామి. గొర్రెలు మేపుకునేవాడు. మందను కొండ వెనక వదిలేసి, పచ్చి బందారు కొమ్మలు విరుచుకుని మంటను బాదడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి మేమంతా ఎక్కాం. నేను కూడా. నేను బాదినదానికన్నా అరిచిందే ఎక్కువ. సాయంత్రానికి మంట గుమ్మటం గోడ దగ్గర దాకా వచ్చి ఆగింది, కాదు, ఎర్రిస్వామి ఆపాడు. దుర్భిణికి ఏమీ కాలేదు. సారు బయటికి వచ్చి ఒక రాయి మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఎర్రిస్వామి టైరు చెప్పులు కరిగి అరికాళ్ళకు అంటుకుపోయాయి. వాటిని పీకుతుంటే చర్మం కూడా వచ్చింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

అప్పుడు ఆ పక్క చేని ఆమె నా దగ్గరికి వచ్చింది. కొంగు అంతా మసి. అందరి కొంగులూ, పంచెలూ మసే. అందుకే నాకు తేడా తెలియలేదు.

“అన్నా, అది కాలలేదే” అంది, గొంతు తగ్గించి.

“ఏది?”

“ఆ బాకా. గుమ్మటం అట్లే ఉండాది గదా. ఇంగ మబ్బు నిలుస్తాదా?”

నాకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థం కానట్టు, “ఎవురు చెప్పినారమ్మా నీకు?” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నిజంగా తెలియకే అడుగుతోంది.

“నువ్వే గదన్నా చెప్పినావు. విత్తనం మూట పురుగు పడతాంది. ఎన్ని దినాలని సూడాల? కొంచెం గడ్డికి అగ్గి పెడితే పైకి పోతాదిలే అనుకున్నా. ఆ సారు లోపలుండాడని తెలీదు, దేవుడి తోడు. తప్పు చేసినానా?”

తప్పు నాదమ్మా అనాలి. అది బాకా కాదు, నేను ఊరికే అన్నాను అనాలి. నేనన్నది ఇది: “వస్తాదిలే వాన. గొడుగు కొనుక్కోపో.”

ఆమె నవ్వలేదు. తల ఊపి పోయింది. కొనుక్కుందేమో కూడా.

పొద్దు గుంకేలోపల పోలీసాయన వచ్చాడు. మొదట ఎవరు చూశారని అడిగాడు. ఎర్రిస్వామిని చూపించారు. వాడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నువ్వు అందరికన్నా ముందు ఎట్లా వచ్చినావని పోలీసాయన అడిగాడు. మందతో ఈడనే ఉన్నా సారూ అని వాడన్నాడు. ఆమె గుంపు చివర నిలబడి నావైపే చూస్తోంది. నా నోరు తెరుచుకుంది.

“సారూ, మా ఎర్రిస్వామి గొర్రెలు శానా చదువుకున్నెవి. ఈ గడ్డి ముదురు, పండ్ల సందుల్లో తగులుకుంటాంది, కాల్చి పెట్టు స్వామీ, లేతది మొలిస్తే తింటామని అర్జీ పెట్టుకున్నెట్లుండాయి.”

ముసలి గడ్డి కాల్చి కొత్త గడ్డి కోసం చూడడం మా దిక్కు గొర్రెలవాళ్ళకు అలవాటే, అది అందరికీ తెలుసు. అందుకే అందరూ నవ్వారు. మంటతో పోరాడి అలసిపోయిన మనుషులు, పగలంతా భయపడినవాళ్ళు, కడుపు పట్టుకుని నవ్వారు. ఎర్రిస్వామి కూడా నవ్వాడు. పోలీసాయన ఒక్కడే నవ్వలేదు.

మాట నోటికి వచ్చిందా, నేనే తెచ్చుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో చెప్పలేను. అలవాటు అని కొన్నేళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఆమెను కాపాడడానికి అని ఇంకొన్నేళ్ళు. రెండూ కావు. ఆమెను అడిగితే ఆమె నా పేరు చెబుతుంది. దుర్బుద్ధితో కాదు, అడిగారు కాబట్టి చెబుతుంది. ఆ భయంలో చేతికి దొరికినవాణ్ణి అడ్డం పెట్టాను. నవ్వుల్లో చుట్టి పెట్టాను, దెబ్బ తగిలినట్టు వాడికి కూడా తెలియకుండా.

వాణ్ణి తీసుకుపోయారు, మరునాడు వదిలారు. రుజువు లేదు. కానీ కొండ చుట్టూ కంచె పడింది. మంద తోలకూడదన్నారు. మిగతా గొర్రెలవాళ్ళకు కూడా మేపు పోయింది, వాళ్ళంతా వాడినే తిట్టారు. వాడి పిల్లలను బడిలో కొండ కాల్చినోని పిల్లలనేవారు. మందను సంతలో అమ్ముకుని, బత్తలపల్లె దగ్గర వాళ్ళ చెల్లెలి ఊరికి పోయాడు. ఆ ఏడు పునర్వసులో వాన వచ్చింది. గుమ్మటం అలాగే ఉంది, వాన కూడా పడింది. ఆ రెండూ ఒకేసారి ఎలా ఉన్నాయని బెంచీ మీద ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం ఆ తరువాత నా అంగడి మెట్టు ఎక్కలేదు.

పోయిన ఎండాకాలం పనిమీద బత్తలపల్లెకు పోయాను. టీ కొట్టు దగ్గర ఎవరో అన్నా అని పిలిచారు. ఎర్రిస్వామి. జుట్టు నెరిసింది. చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, కాపలా ఉంటున్నాడట. నడిచేటప్పుడు ఇప్పటికీ మడమల మీద బరువు వేస్తాడు. నన్ను చూసి వాడి మొహం వెలిగింది. అక్కడున్నవాళ్ళందరికీ నన్ను పరిచయం చేశాడు. ఈ అన్న నోట్లో పడితే యముడు గూడా నవ్వాల్సిందే అన్నాడు. చదువుకున్న గొర్రెల కథ చెప్పాడు. పొల్లు పోకుండా, నేను అన్న తీరులోనే. తన మీద పడిన జోకును తనే చెప్పి నవ్వాడు. పొరపాటున ఎవరి బీడీ పడి అంటుకుందో ఏమో, పాపం అని కూడా అన్నాడు. అన్నా, ఇంగొకటి చెప్పన్నా అని అడిగాడు.

నాకు ఏదీ రాలేదు. టీ ఎర్రిస్వామే ఇప్పించాడు. తాగాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

అక్కడే చెప్పి ఉండవచ్చు కదా అని మీరడగవచ్చు. అడగండి. వాడు చెప్పే కథల్లో నేను మంచివాణ్ణి. అది పోతుందని భయపడ్డాను. ఈ వయసులో, ఇంత జరిగాక కూడా.

మీ క్షమాపణ నాకు అక్కరలేదు, అది ఇచ్చే హక్కు మీకు లేదు. ఆ హక్కు ఉన్నవాడికి ఇంకా తెలియదు. ఈ కాగితం వాడిదాకా చేరుతుందో లేదో నేను చెప్పలేను. చేర్చే ధైర్యం వస్తుందని ప్రమాణం కూడా చేయను. అలాంటి ప్రమాణాలు నా నోట చాలా వచ్చాయి. అలసిపోయాను. రాయవలసింది మాత్రం రాస్తాను.

ఎర్రిస్వామి కొండకు నిప్పు పెట్టలేదు. ఆర్పాడు. పెట్టించింది నా మాట. అది నాకు ఆ సాయంత్రమే తెలుసు, తెలిసే వాణ్ణి చూపించాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.